బీప్ అన్నంత మాత్రాన స్విచ్ బాగున్నట్టు కాదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాత మోటారుసైకిల్ స్విచ్‌ల తగాదాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత మోటారుసైకిళ్ల స్విచ్‌ల గురించినవే. అవి దాదాపు అన్నీ విశాఖ తీరానికి దగ్గర్లో ఉన్న పేటల నుంచే రావడంలో ఆశ్చర్యం లేదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు ఆ తేమను పీల్చుకొని తడిగా మారుతుంది. మన ఊళ్లో ఏడాదిలో చాలా ఉదయాలు ఆ హద్దు దాటినవే. హ్యాండిల్ మీది స్విచ్ సందుల్లోకి చేరిన ఉప్పు పొర రాత్రి తడుస్తూ, పగలు ఎండుతూ, లోపలి ఇత్తడి బిళ్లలకు పచ్చని చిలుము పట్టిస్తుంది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా 100 సీసీ ఫోర్ స్ట్రోక్ బండి 1999లో కొన్నది. ఆరు నెలలుగా పొద్దున పూట హారన్ కీచుమంటుంది లేదా అసలు మోగదు. మధ్యాహ్నానికి మామూలుగా మోగుతుంది. హెడ్‌లైటు కూడా మసకబారింది. మెకానిక్ మీటరు పెట్టి చూసి, బీప్ వస్తోంది కాబట్టి స్విచ్ బాగానే ఉందని చెప్పి ముందు హారన్, తరువాత బ్యాటరీ మార్చాడు. ఫలితం లేదు. ఇంకేం మార్చాలి?
— ఒక పాఠకుడు, పెదజాలారిపేట

జవాబు: కొలిచి చూడకుండా దయచేసి ఇంకేదీ మార్చకండి. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, మీటరూ అబద్ధం చెప్పలేదు. మీటరును అడిగిన ప్రశ్నే సరైనది కాదు. దారి కలిసిందో లేదో బీప్‌తో చూసేటప్పుడు మల్టీమీటరు (వోల్టులు, ఓములు కొలిచే మీటరు) స్విచ్ గుండా పంపే కరెంటు మహా అయితే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు. హారన్‌కు కావలసింది రెండు మూడు ఆంపియర్లు, అంటే దానికి సుమారు వెయ్యి రెట్లు. చిలుము పట్టిన బిళ్ల మీద సూదిమొనంత చోటు శుభ్రంగా మిగిలినా ఆ చిన్న కరెంటు సునాయాసంగా దాటిపోతుంది, మీటరు కూత పెడుతుంది. మనిషి నడిచి దాటే పొలం గట్టు మీద ఎడ్లబండి వెళ్లలేదు కదా, హారన్ కరెంటుకు వచ్చిన ఇబ్బందీ అదే.

హెడ్‌లైటుకు ఒక లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల 35 వాట్ల బల్బుకు వెలుగుతున్నప్పుడు ఉండే నిరోధం నాలుగు ఓములకు కొంచెం పైన. స్విచ్‌లో అర ఓము నిరోధం పేరుకొందనుకోండి. అర ఓముకు చాలా మీటర్లు నిక్షేపంగా బీప్ అంటాయి. కానీ బల్బు వెలిగినప్పుడు ఆ అర ఓము దగ్గరే సుమారు 1.3 వోల్టులు ఆగిపోయి, బల్బుకు 10.7 మాత్రమే చేరుతుంది. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజి కంటే చాలా వేగంగా పడిపోయే స్వభావం కలది కనుక దాదాపు మూడో వంతు వెలుతురు పోయినట్టే. పైగా స్విచ్ లోపల మూడు వాట్లకు పైగా వేడి పుడుతుంది. అది ప్లాస్టిక్‌ను మెత్తబరచి, స్ప్రింగు బిగువు తగ్గించి, ఉన్న నిరోధాన్ని మరింత పెంచుతుంది.

కాబట్టి స్విచ్ చేత పని చేయిస్తూనే దాన్ని కొలవాలి. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ముందుగా బ్యాటరీ చూడండి. రాత్రంతా నిలిపి ఉంచిన బండికి 12.4 కంటే తక్కువ చూపిస్తే ముందు చార్జింగు సంగతి తేల్చుకొని, ఆ తరువాతే స్విచ్ జోలికి రండి. బ్యాటరీ బాగుంటే, మీటరు తీగలను హారన్ రెండు కొనలకు తగిలించి, ఇంట్లో ఎవరినైనా బటన్ నొక్కి పట్టుకోమనండి. నొక్కి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర కనిపించే అంకెకు, హారన్ దగ్గర కనిపించే అంకెకు తేడా అర వోల్టు లోపు ఉంటే తప్పు హారన్‌దే. ఒక వోల్టు, రెండు వోల్టులు తేడా ఉంటే అవి దారిలో ఎక్కడో చిక్కుకున్నాయి. బటన్‌ను అలాగే నొక్కి ఉంచి, మీటరు ఒక తీగను బటన్‌లోకి వచ్చే వైరుకు, రెండోదాన్ని బయటికి పోయే వైరుకు పెట్టండి. 0.1 లేదా 0.2 వస్తే బటన్ నిర్దోషి. అర వోల్టు దాటితే విప్పి శుభ్రం చేయవలసిందే. బటన్ వదిలినప్పుడు అక్కడ పూర్తి 12 కనిపించడం సహజమే, కంగారు పడవద్దు. ఇదే పద్ధతిలో తాళం స్విచ్‌కు అటూ ఇటూ, ఫ్యూజుకు అటూ ఇటూ, ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్యా చూసుకుంటూ పోతే దొంగ ఎక్కడో ఒకచోట పట్టుబడతాడు.

హెడ్‌లైటు విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. సీడీ 100, స్ప్లెండర్ కాలపు బండ్లలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు మాగ్నెటో (ఇంజన్‌తో పాటు తిరిగే చిన్న జనరేటర్) కాయిల్ నుంచి ఏసీగా వస్తుంది. హారన్, ఇండికేటర్లు బ్యాటరీ మీద, హెడ్‌లైటు మాగ్నెటో మీద నడుస్తున్నప్పుడు బ్యాటరీ మార్చడం వల్ల వెలుతురు పెరగకపోవడంలో వింత లేదు. ఏసీని కొలవడానికి మీటరును ఏసీ వైపు తిప్పాలి, ఇంజన్‌ను కొంచెం రేజ్ చేసి ఒకే వేగంలో ఉంచాలి. చవక మీటర్లలో ఏసీకి 200, 750 అనే రెండే స్థానాలుంటాయి, అంకె కచ్చితంగా ఉండదు. దానికంటే పాత పద్ధతే మేలు: రాత్రి పూట బండిని గోడకు ఎదురుగా నిలిపి, లావుపాటి వైరు ముక్కతో స్విచ్‌లోకి వచ్చే వైరునూ బయటికి పోయే వైరునూ ఒక క్షణం కలపండి. గోడ మీద వెలుగు ఒక్కసారిగా తెల్లబడితే స్విచ్‌దే తప్పు. ఈ పని చేసేటప్పుడు ఆ వైరు ముక్క బండి ఇనుముకు తగలకుండా చూసుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మరొకటి ఉంది. కొత్త బ్యాటరీ వేసిన తరువాత కూడా పొద్దున మోగని హారన్ మధ్యాహ్నానికి మోగుతోందంటే, రాత్రి కొత్తగా పట్టిన పొరను మీరు పదిసార్లు నొక్కిన రాపిడి గీసి తొలగిస్తోందని అర్థం. నా అనుమానం బటన్ మీదనే, అయినా విప్పే ముందు కొలవండి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. స్విచ్ పెంకు రెండు మరలతో బిగించి ఉంటుంది. దాన్ని తెరిచేటప్పుడు కింద ఒక పాత తువ్వాలు పరచుకోండి, ఎందుకంటే ఇండికేటర్ మీట కింద ఆవగింజకు పెద్ద, మిరియానికి చిన్న అయిన ఉక్కు బాల్ ఒకటి, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. ఒకసారి నేను నిర్లక్ష్యంగా తీస్తే ఆ బాల్ ఎగిరి ఎక్కడో పడింది. సాయంత్రం దాకా వెతికి, చివరికి సైకిల్ షాపులో ఫ్రీవీల్ బాల్ ఒకటి అడిగి తెచ్చుకొని వేశాను, అది ఇప్పటికీ పనిచేస్తోంది. తెరవగానే ఫోనుతో ఫొటో తీసుకొని, మైనంలా గట్టిపడిన నల్లటి పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో గాని కాంటాక్ట్ క్లీనరుతో గాని పాత పళ్ల బ్రష్షు పట్టి తుడిచేయండి. పెట్రోలు వాడవద్దు, అది ప్లాస్టిక్‌కూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. బిళ్ల మీది చిలుమును పెన్సిల్ రబ్బరుతో ఓపికగా రుద్దితే కింద ఇత్తడి పసుపు తేలుతుంది. గరుకు కాగితం పెట్టి గీకితే ఆ గీతల్లోనే ఉప్పు మళ్లీ చేరుతుంది. అంతా ఆరిన తరువాత వాజలైన్‌ను వేలికి అంటీ అంటనట్టు రాసి మూసేయండి.

టంకం ఊడిన వైరు ఏదైనా కనిపిస్తే దాని తొడుగు కొంచెం ఒలిచి చూడండి. లోపలి రాగి నల్లబడి ఉంటే ఎంత కాల్చినా టంకం అంటుకోదు. మెరిసే రాగి కనిపించే దాకా వెనక్కి కోసి, కొత్త ముక్క కలిపి అప్పుడు టంకం వేయాలి. సాల్డరింగ్ ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఆనిస్తే బిళ్లను పట్టుకొన్న ప్లాస్టిక్ కరిగి, మరమ్మతు కాస్తా కొత్త స్విచ్ కొనే వరకూ పోతుంది.

ప్రశ్న: మా నాన్నగారి బండి ఇరవై రెండేళ్ల నాటిది. వానాకాలం ఉదయాల్లో ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు, ప్లగ్గు మార్చినా స్పార్క్ రాదు. ఎండెక్కాక మొదటి కిక్కుకే లేస్తుంది. సీడీఐ పెట్టె మార్చాలని ఒకరు, కాయిల్ మార్చాలని ఒకరు అంటున్నారు. నాన్నగారేమో తాళంలోనే ఏదో ఉందని పట్టుబడుతున్నారు.
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ నాన్నగారి మాట ముందుగా పరీక్షించి చూడడం న్యాయం, ఎందుకంటే దానికి పైసా ఖర్చు లేదు.

తాళం వేస్తే కరెంటు వెళుతుంది, తీస్తే ఆగుతుంది అని మనం అనుకుంటాం. ఏసీ సీడీఐ (మాగ్నెటో కరెంటుతో స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న పాత 100 సీసీ బండ్లలో స్పార్క్ విషయానికి వచ్చేసరికి అది తలకిందులుగా ఉంటుంది. సీడీఐకి కావలసిన కరెంటు మాగ్నెటో నుంచే వస్తుంది. తాళం ఆఫ్ చేసినప్పుడు స్విచ్ ఒక వైరును ఎర్త్‌కు కలిపి ఆ కరెంటును నేలపాలు చేస్తుంది. ఆన్ చేసినప్పుడు ఆ కలయికను విడదీస్తుంది. హోండా పద్ధతి వైరింగులో అది తెల్ల గీత ఉన్న నల్ల వైరు, ఎర్త్‌ది ఆకుపచ్చ వైరు. ఆన్‌లో ఉన్నప్పుడు కూడా ఈ రెంటి మధ్య తడి ఉప్పు ఒక సన్నని దారి వేసిందంటే స్పార్క్ రాదు. ఆ వైరులో కిక్కు కొట్టినప్పుడు వంద వోల్టులకు పైగా పుడుతుంది కనుక చిన్నపాటి తడి కూడా దానికి చాలు. మొదటి ఉత్తరంలోని స్విచ్ కలవవలసినప్పుడు సరిగా కలవడం లేదు, మీది విడిపోవలసినప్పుడు సరిగా విడిపోవడం లేదు. ఇక్కడ బీప్ రాకపోతే స్విచ్ బాగుందనుకోవడం కూడా పొరపాటే.

స్టార్ట్ కాని ఉదయమే పరీక్ష చేయండి. హెడ్‌లైటు డోమ్ లోపల తాళం స్విచ్ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడు) ఉంటుంది, దాంట్లోంచి ఆ నల్ల-తెల్ల వైరు ఒక్కదాన్ని విడదీసి, మొన దేనికీ తగలకుండా టేపు చుట్టి కిక్కు కొట్టండి. అప్పుడు లేస్తే సీడీఐ, కాయిల్ రెండూ బాగున్నట్టే, నాన్నగారు గెలిచారు. ఆ తరువాత స్విచ్ వైపు కొనకూ ఎర్త్‌కూ మధ్య మీటరును 2 మెగా ఓముల స్థానంలో పెట్టి చూస్తే, మంచి స్విచ్‌కు తాళం ఆన్‌లో ఏ అంకె కదలదు, ఆఫ్‌లో నేరుగా కలుస్తుంది. కిక్కు కొట్టేటప్పుడు ఆ వైరు మొనను చేత్తో ముట్టుకోకండి, షాక్ గట్టిగానే ఉంటుంది. వైరు విడదీసి ఉంచినంత సేపూ తాళం తీసినా ఇంజన్ ఆగదని కూడా గుర్తుంచుకోండి. గేరులో ఉంచి, బ్రేకు గట్టిగా పట్టి, క్లచ్చు మెల్లగా వదిలితే ఆగిపోతుంది.

తాళం స్విచ్ వెనుక వైర్ల పళ్లెం చాలా బండ్లలో విడిగా ఊడి వస్తుంది. దాన్ని శుభ్రం చేసి ఆరబెడితే చాలాసార్లు అదే తాళంతో మరికొన్నేళ్లు నడుస్తుంది. తాళంచెవి రంధ్రంలో నూనె పోయడం మాత్రం మానండి. ఆ నూనె దుమ్మును కలుపుకొని నేరుగా ఆ పళ్లెం మీదికే దిగుతుంది.

ప్రశ్న: హ్యాండిల్ ఎడమకు తిప్పితే హారన్ మోగుతుంది, తిన్నగా పెడితే మోగదు. స్విచ్ సెట్టు కొత్తది వేసినా అంతే.
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: హ్యాండిల్ తిప్పితే మారే జబ్బు స్విచ్‌లో ఉండడం అరుదు. హ్యాండిల్ మెడ దగ్గర లక్షసార్లు వంగిన వైరు తొడుగు బాగానే ఉండి, లోపలి రాగి పోగులు మాత్రం తెగిపోయి ఉంటాయి. బటన్ నొక్కి పట్టుకొని, మెడ దగ్గరి వైర్ల కట్టను రెండు వేళ్ల మధ్య అంగుళం అంగుళం చొప్పున వంచుతూ పొండి. మోత వచ్చిన చోటే తెగిన చోటు. మరీ పాత బండి అయి, బటన్ నుంచి ఒకే ఒక్క వైరు బయటికి వస్తుంటే, రెండో దారి హ్యాండిల్ ఇనుమే అని అర్థం. అప్పుడు ఎర్త్ కరెంటు మెడ బేరింగుల గ్రీజును దాటుకొని ఫ్రేముకు చేరాలి. హ్యాండిల్ నుంచి ఫ్రేముకు, రంగు గీకిన చోట, ఒక వైరు విడిగా బిగిస్తే తీరిపోతుంది. మీ పాత స్విచ్ సెట్టు పారేయకుండా ఉంటే దాచుకోండి; కంపెనీతో వచ్చిన ఇత్తడి బిళ్లలు నేటి చవక సెట్లలోని పలుచని రేకు కంటే నయమని నా అభిప్రాయం.

ప్రశ్న: నా పాత టూ స్ట్రోక్ బండికి వెనుక బల్బు వారానికొకటి కాలిపోతోంది. రెగ్యులేటర్ మార్చమంటారా?
— ఒక పాఠకుడు, కంచరపాలెం

జవాబు: వోల్టేజి హద్దు దాటకుండా ఆపే ఆ రెగ్యులేటర్‌ను మార్చవలసి రావచ్చు, కానీ దానికి ముందు హెడ్‌లైటును హై, లో మార్చే డిప్ స్విచ్ చూడండి. మాగ్నెటో ఏసీ మీద నడిచే పాత లైట్ల వైరింగులో హెడ్‌లైటు, టెయిల్ లైటు ఒకే కాయిల్‌ను పంచుకుంటాయి. హెడ్‌లైటు లాగే 35 వాట్లు ఒక్కసారిగా తప్పుకొంటే, రెగ్యులేటర్ లేని బండిలో గాని అది బలహీనపడిన బండిలో గాని, ఆ వోల్టేజి అంతా ఎగసి 5 వాట్ల చిన్న బల్బు మీద పడుతుంది. హెడ్‌లైటు తప్పుకొనేది ఎప్పుడు? డిప్ స్విచ్ హై నుంచి లోకు మారే మధ్యలో.

మంచి డిప్ స్విచ్‌లలో చాలావాటిని, మారే క్షణంలో రెండు ఫిలమెంట్లూ కలిసి వెలిగి, తరువాత ఒకటి ఆరేలా తయారు చేస్తారు. అరిగిన స్విచ్‌లో ఆ కలిసే క్షణం పోయి చీకటి క్షణం వస్తుంది. గోడకు ఎదురుగా బండిని నిలిపి, ఇంజన్ తిరుగుతుండగా మీటను నత్తనడకన జరపండి. మధ్యలో గోడ మీద చీకటి పడితే మీ బల్బులు తింటున్నది అదే. ఆ పరీక్ష ఒక్కసారికి మించి చేయకండి, ఇంకో బల్బు ఖర్చవుతుంది. హెడ్‌లైటు బల్బు మీద ఎన్ని వాట్లు రాసి ఉందో కూడా చదవండి. 35 ఉండవలసిన చోట ఎవరైనా 25 వేసి ఉంటే మిగిలిన భారం టెయిల్ బల్బే మోస్తుంది.

ప్రశ్న: ఆర్‌సీ గడువు 15 ఏళ్లు పూర్తయింది. తనిఖీకి వెళ్లాలి. ముందు బ్రేకు పట్టినప్పుడు బ్రేక్ లైటు వెలగదు, వెనుక బ్రేకు తొక్కితే ఒకసారి వెలిగి ఆరదు.
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: రెండు స్విచ్‌లూ సమాంతరంగా ఒకే బల్బుకు కలుస్తాయి కనుక బల్బు, ఎర్త్ రెండూ బాగున్నట్టే. ముందు బ్రేకు స్విచ్ రెండు వైర్లను ఊడదీసి ఒకదానికొకటి ఆనించండి; వెలిగితే స్విచ్ మార్చండి, అది చిన్న వస్తువు. వెనుకది పెడలు స్ప్రింగుతో లాగే రకం. అది బురద పట్టి బిగుసుకొని ఉంటుంది, లేదా మరీ బిగించి ఉంటుంది. సరిచేసేటప్పుడు స్విచ్ ఒంటిని కదలకుండా పట్టుకొని నట్టును మాత్రమే తిప్పాలి. ఒంటిని తిప్పితే లోపలి వైర్లు మెలిపడి తెగిపోతాయి. 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న బండ్లకు ఇంజన్ తిరుగుతున్నంత సేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది, దానికి స్విచ్ లేదు. మీ బండికి ఉంటుంది కనుక తనిఖీకి వెళ్లే ముందు అది కూడా ఆన్, ఆఫ్ చేసి చూసుకోండి.

ప్రశ్న: ఇండికేటర్లకు ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. ఎడమకు వేసినా కుడికి వేసినా నాలుగూ వెలుగుతున్నాయి. స్విచ్ లోపల షార్ట్ అయిందా?
— ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: స్విచ్‌ను అనుమానించకండి. మీటరు బోర్డులో రెండు వైపులకూ కలిపి ఒకే సూచిక బల్బు ఉన్న బండి మీది. ఆ బల్బు ఒక కొన ఎడమ వైరుకు, రెండో కొన కుడి వైరుకు కలిసి ఉంటుంది. పాత బల్బులకు దాని గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు చాలదు, ఎల్‌ఈడీలకు చాలుతుంది. ఆ సూచిక బల్బును ఊడదీసి చూడండి, జబ్బు పోతుంది. రెండు డయోడ్లు (కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే భాగాలు) వేయించి, దాని రెండో కొనను ఎర్త్‌కు కలిపిస్తే సూచిక కూడా దక్కుతుంది.

ప్రశ్న: బండిని రోజూ సముద్రం ఒడ్డునే నిలపాలి. స్విచ్‌లలోకి తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ ఉంటే సరిపోతుందా? వారానికోసారి వాటర్ సర్వీసింగ్ కూడా చేయిస్తున్నాను.
— ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: స్ప్రే తేమను నెట్టేస్తుంది నిజమే, కానీ కొన్నాళ్లకు ఆరిపోయి, లోపలి గ్రీజును కూడా కడిగేసి పోతుంది, దాని తరువాత స్విచ్‌కు ముందటి కంటే రక్షణ తక్కువగా ఉంటుంది. అత్యవసరానికి వాడండి, అలవాటు చేయకండి. వాటర్ సర్వీసింగ్ పిచికారీ గొట్టాన్ని మాత్రం హ్యాండిల్ దగ్గరికి రానివ్వకండి, ఆ ఒత్తిడి స్విచ్ మీది ఉప్పునంతా లోపలికి తోసేస్తుంది. మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో రెండు రోజులకోసారి స్విచ్‌లను తుడిచి, వెంటనే పొడిగుడ్డ పట్టండి. ఏడాదికి ఒకసారి, వానలు మొదలయ్యే ముందు, పెంకులు విప్పి పైన చెప్పిన విధంగా శుభ్రం చేసుకోండి. రాత్రి బండిని ప్లాస్టిక్ పట్టాతో నేల దాకా మూసి ఉంచుతున్నట్లయితే ఆ పట్టా తీసేయండి. దాని కింద చేరిన తేమ తెల్లవారే దాకా బయటికి పోలేక స్విచ్‌లనే పట్టుకొని ఉంటుంది. హ్యాండిల్ వరకు ఒక నూలు గుడ్డ కప్పితే చాలు.